లిథియం గని సరే.. బడి పక్క లారీల సంగతేంటి?

2021 జనవరి 15. అమెరికాలో ట్రంప్ దిగిపోయి బైడెన్ గద్దెనెక్కడానికి ఇంకా ఐదు రోజులే ఉంది. ఆ రోజు ఒక ఫైలు మీద సంతకం పడింది. నెవాడా రాష్ట్రంలో థాకర్ పాస్ అనే కనుమ దగ్గర లిథియం గని తవ్వుకోవడానికి అక్కడి కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన అనుమతి అది. అదే రోజు ఇద్దరు మనుషులు వెళ్లి ఆ కనుమలో గుడారం వేసుకుని కూర్చున్నారు, 'ఇక్కడ తవ్వనివ్వం' అని. చలికాలం. మైళ్ల దూరం వరకూ ఇల్లన్నది కనపడదు.

సంతకం పడిపోయాక కూర్చుంటే ఏం లాభం అనిపించిందా? నాకూ అదే అనిపించింది. అందుకే ఈ కథలోకి దిగా.

అసలు నాకూ నెవాడాకీ సంబంధం ఎక్కడంటే, స్కూటర్ దగ్గర. పోయినేడాది ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నా. ఆఫీసులో టీ టైంలో 'గ్రీన్ బండి బాస్ నీది' అని ఒకడు, 'ఆ బ్యాటరీ కోసం ఎక్కడో కొండలు తవ్వేస్తున్నారు, తెలుసా' అని ఇంకొకడు. కోడ్ రాసేవాళ్లకి ఒక జబ్బుంటుంది. ఎవరేమన్నా సరే, డాక్యుమెంటేషన్ తెరిచి చూసేదాకా నిద్ర పట్టదు. థాకర్ పాస్ అనుమతి కాగితాలు, కోర్టు తీర్పులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అలా మొదలైంది. ముందే చెప్పేస్తా, నా స్కూటర్‌లోని లిథియం అక్కడిది కాదు. ఆ గని ఇంకా కడుతూనే ఉన్నారు.

మీ చేతిలో ఉన్న ఫోను 5,000 ఎంఏహెచ్‌దైతే అందులో లిథియం దాదాపు ఒకటిన్నర గ్రాము. నా స్కూటర్‌లో పావుకిలో, మహా అయితే 350 గ్రాములు. అదే కారుకైతే బ్యాటరీ సైజును బట్టి ఆరు నుంచి పది కిలోల దాకా పడుతుంది. గొడవంతా కార్ల దగ్గరే. థాకర్ పాస్ మొదటి దశలో ఏడాదికి 40,000 టన్నుల లిథియం కార్బొనేట్ తీస్తామని, అది 8 లక్షల కార్ల దాకా సరిపోతుందని కంపెనీ లెక్క. కంపెనీ పేరు లిథియం అమెరికాస్. ఈ అనుమతి వచ్చేనాటికి అమెరికా మొత్తంలో నడుస్తున్న లిథియం గని ఒక్కటే, అదీ నెవాడాలోనే, సిల్వర్ పీక్ దగ్గర. శుద్ధి చేసే పని ఎక్కువ భాగం చైనా చేతిలో. కాబట్టి 'త్వరగా కానివ్వండి' అన్న ఒత్తిడి ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించొచ్చు.

నేను గనులే వద్దనే బ్యాచ్ కాదు. పెట్రోలు మానేయాలంటే బ్యాటరీ కావాలి, బ్యాటరీకి ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట తవ్వాలి. నాకు పట్టిన పురుగల్లా వేరే. తవ్వే చోట ఉన్నవాళ్లు ఏం అడిగారు, ఎప్పుడు అడగనిచ్చారు, అడిగితే ఏం దొరికింది?

కనుమ కింద ఏముంది

సుమారు కోటీ 60 లక్షల ఏళ్ల కిందట అక్కడ ఓ పెద్ద అగ్నిపర్వతం పేలింది. పేలాక నడిమి భాగం కుంగి గిన్నెలా గొయ్యి పడింది. దాన్నే మెక్‌డెర్మిట్ కాల్డెరా అంటారు. ఆ గిన్నెలో నీళ్లు చేరి సరస్సయింది. చుట్టూ ఉన్న బూడిద, లావా రాళ్లలోంచి లిథియం కరిగి ఆ సరస్సు అడుగున బంకమట్టిలో పేరుకుంది. ఇప్పుడు కావాల్సింది ఆ మట్టే.

మట్టిలోంచి లిథియం ఊడిరావాలంటే సల్ఫ్యూరిక్ యాసిడ్ కావాలి. అంత యాసిడ్ బయటి నుంచి తెచ్చుకోలేరు కాబట్టి గని పక్కనే యాసిడ్ ప్లాంటు. దానికి ముడిసరుకు సల్ఫర్. సల్ఫర్ ఎక్కడిది? ఆయిల్ రిఫైనరీల్లో మిగిలేది. పెట్రోలు కార్లను మాన్పించే బ్యాటరీకి పెట్రోలు శుద్ధి చేయగా మిగిలిన సరుకు కావాలన్నమాట! ఇది చదివి ఒక్కణ్నే కూర్చుని నవ్వుకున్నా. ఆ సల్ఫర్ కరిగిన ద్రవంగా, వేడివేడిగా, లారీల్లో వస్తుంది. ఈ లారీలు గుర్తుపెట్టుకోండి.

గొయ్యి లోతు దాదాపు 400 అడుగులు. మొత్తం కదిలించే నేల 5,700 ఎకరాల దాకా. నీళ్లు రెండు దశలూ పూర్తయ్యాక ఏడాదికి 5,200 ఎకరం-అడుగులు. మనకు అర్థమయ్యే భాషలో పావు టీఎంసీకి కాస్త తక్కువ. పావు టీఎంసీయేగా అనుకోవద్దు. అది శ్రీశైలం కాదు, ఎడారి. పక్క లోయల్లో రైతులు బోర్లు వేసుకుని పశువుల మేతకు అల్ఫాల్ఫా గడ్డి పండిస్తారు. భూగర్భ జలం దిగిపోతే తన పశువులకు దారేదని ఒక పశువుల రైతు అందరికంటే ముందు కోర్టుకెళ్లాడు.

ఏడాదిలో ఫైలు క్లోజ్

నెవాడాలో దాదాపు 80 శాతం నేల అమెరికా కేంద్ర ప్రభుత్వానిదే. థాకర్ పాస్‌ను చూసేది బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే సంస్థ. పర్యావరణ సమీక్ష మొదలుపెడుతున్నామని నోటీసు ఇచ్చింది 2020 జనవరిలో. చిత్తు నివేదిక జులైలో. తుది నివేదిక డిసెంబరులో. సంతకం జనవరి 15న. అంటే ఏడాది తిరక్కుండానే అయిపోయింది. అందులో ఎక్కువ భాగం కోవిడ్ కాలం, మనుషులు మనుషుల్ని కలవని రోజులు.

ఇంత వేగం దానంతటదే రాలేదు. ఇలాంటి నివేదికలు ఏడాదిలో ముగించాలి, మామూలుగా 150 పేజీలు దాటకూడదు అని 2017లోనే అక్కడి ఇంటీరియర్ శాఖ ఆర్డరిచ్చింది. శుక్రవారం సాయంత్రం రిలీజ్ పెట్టి 'సోమవారం చూసుకుందాంలే' అనే మేనేజర్లను మనం చూళ్లేదా, అదే తీరు. తేడా ఏంటంటే, మన రిలీజ్ పాడైతే వెనక్కి తీసుకోవచ్చు. 400 అడుగుల గొయ్యిని వెనక్కి తీసుకోలేం.

ఆ కనుమకు పైయూట్ తెగవాళ్లు పెట్టుకున్న పేరు పీహీ ముహు. కుళ్లిన చందమామ అని అర్థం. వంపు తిరిగిన కనుమ నెలవంకలా ఉంటుందట. అక్కడ తమవాళ్లు చంపబడి, శవాలు కుళ్లిన కథ తాతముత్తాతల నుంచి వస్తోంది. దాని మీద ఇంకో గాయం. 1865 సెప్టెంబరు 12న అమెరికా సైన్యపు గుర్రపు దళం తెల్లవారుజామున వాళ్ల గుడిసెల మీద పడి కనీసం 31 మందిని చంపింది. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. తప్పించుకున్న కొద్దిమందిలో ఆక్స్ శామ్ అనే అతను ఒకడు. అతని వారసులు ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఉన్నారు.

మరి అనుమతికి ముందు వీళ్లను అడిగారా? కొన్ని తెగలకు ఉత్తరాలు వెళ్లాయి. రెనో-స్పార్క్స్ ఇండియన్ కాలనీ అయితే 'మమ్మల్ని అడగనే లేదు' అని కోర్టుకెక్కింది, ఆరెగన్ రాష్ట్రపు బర్న్స్ పైయూట్ తెగా వాళ్లతో కలిసింది. ఆ మారణకాండ కచ్చితంగా ఈ గని నేల మీదే జరిగిందని రుజువేది అని కోర్టు అడిగింది. తెగలు వెతగ్గా వెతగ్గా ఒక ఆధారం బయటికొచ్చింది. 1868లో ఆ ప్రాంతాన్ని కొలిచిన సర్వేయరు, అస్థిపంజరాలు చూశానని తన నోట్సులో రాసుకున్నాడు. ఆ నోట్సు ఉన్నది ఎక్కడో కాదు, ప్రభుత్వ భూసర్వే రికార్డుల్లోనే. అనుమతిచ్చిన సంస్థకు పూర్వపు సంస్థ రాయించిన పుస్తకాలవి. సొంత బీరువా వెతుక్కోవడానికి ఏడాది చాల్లేదేమో!

అయినా కేసు నిలబడలేదు. ప్రభుత్వం సద్బుద్ధితోనే ప్రయత్నించిందన్నది కోర్టు మాట. అక్కడి చట్టంలో కీలకం ఇదే. తెగలను సంప్రదించాలి, ఒప్పించాలని లేదు.

బగ్ దొరికింది, రోల్‌బ్యాక్ లేదు

2023 ఫిబ్రవరిలో ఫెడరల్ జడ్జి మిరండా డు ఇచ్చిన తీర్పు నన్ను బాగా ఆలోచనలో పడేసింది. ముందు దీని వెనకున్న చట్టం చెప్పాలి. 1872 నాటిది. బంగారం కోసం జనం పడమటికి పరుగెత్తే రోజుల్లో చేసిన చట్టం. కేంద్రం భూమిలో ఖనిజం దొరికితే క్లెయిమ్ వేసుకోవచ్చు, తవ్వుకోవచ్చు, కేంద్రానికి రాయల్టీ కట్టక్కర్లేదు. నూటయాభై ఏళ్లు దాటినా రాయల్టీ సంగతి అలాగే ఉంది. (ఈ ఒక్క విషయంలో మనం మేలు. మన దగ్గర రాయల్టీ రాష్ట్రానికొస్తుంది, 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి కూడా ఉంది. ఆ నిధి ఏ రోడ్డుకు, ఎవరి పేరుకు పోతోందన్నది ఇంకో వారం రాసుకోవాల్సిన కథ.)

ఖనిజం ఉన్న చోట తవ్వే హక్కు ఉంది, సరే. ఖనిజం లేని పక్క నేల మీద రాళ్లగుట్టలు పోసే హక్కు కూడా ఉన్నట్టేనా? ఉందని ముందే అనుకోవడానికి వీల్లేదు, చూపించాలి అని అప్పీలు కోర్టు అంతకుముందే వేరే కేసులో చెప్పింది. థాకర్ పాస్‌లో అలాంటి నేల 1,300 ఎకరాల దాకా ఉంది. దాని మీద సరిగ్గా చూడకుండా అనుమతిచ్చారని జడ్జి తేల్చింది. తప్పు జరిగిందంది. కానీ అనుమతి రద్దు చేయలేదు. వెళ్లి సరిచేసుకు రండి, ఈలోగా పని ఆపక్కర్లేదంది. మిగతా వాదనలు దాదాపు అన్నీ కొట్టేసింది. నెల తిరగ్గానే బుల్‌డోజర్లు దిగాయి. జులైలో అప్పీలు కోర్టూ దాన్నే సమర్థించింది. ఆ మే నెలలో ఆక్స్ శామ్ వారసులు అతని పేరుతో గుడారం వేస్తే, కొన్ని వారాలకే పోలీసులు తీయించేశారు.

ఇక డబ్బు సంగతి. 2023 జనవరిలో జనరల్ మోటార్స్ 65 కోట్ల డాలర్లు పెడతామంది. 2024 అక్టోబరులో బైడెన్ ప్రభుత్వపు ఇంధన శాఖ 226 కోట్ల డాలర్ల అప్పు ఖాయం చేసింది. 2025లో ట్రంప్ మళ్లీ వచ్చాక ప్రభుత్వం ఏకంగా కంపెనీలో 5 శాతం, ప్రాజెక్టులో ఇంకో 5 శాతం వాటా తీసుకుంటోంది. అనుమతిచ్చింది ఒక పార్టీ, కోర్టులో కాపాడి అప్పిచ్చింది రెండో పార్టీ, వాటా తీసుకుంది మళ్లీ మొదటి పార్టీ. అంపైరే ఓ టీమ్‌ను కొనుక్కున్నట్టు లేదూ?

ఒరోవాడా బడి

ఇప్పుడు ఆ లారీల దగ్గరికొద్దాం. ఇంటర్‌స్టేట్ హైవే మీదున్న విన్నెముక్కా పట్నం నుంచి ఉత్తరంగా డెబ్భై కిలోమీటర్లు వెళ్తే ఒరోవాడా అని చిన్న ఊరు. జనం రెండొందల లోపు. అక్కడి నుంచి పడమటికి తిరిగే రోడ్డు థాకర్ పాస్‌కు పోతుంది. ఆ మలుపు దగ్గరే ఊరి బడి, కిండర్‌గార్టెన్ నుంచి ఎనిమిదో తరగతి దాకా. గని మొదలైతే కరిగిన సల్ఫర్ లారీలు రోజూ పదుల సంఖ్యలో బడి పక్క నుంచి పోవాలి. ఒక్క లారీ బోల్తా పడితే ఏంటి పరిస్థితి?

ఆ ఊళ్లో గని అస్సలు వద్దన్నవాళ్లున్నారు, పనులొస్తాయి రానీ అన్నవాళ్లూ ఉన్నారు. నిర్మాణ సమయంలో 1,800 మందికి, తర్వాత 360 మందికి పని అని కంపెనీ చెప్పింది. ఒరోవాడా వాళ్లు ఓ మధ్యవర్తిని పెట్టుకుని కంపెనీతో మీటింగుల మీద మీటింగులు కూర్చున్నారు. లారీలు, నీళ్లు, పొగ, ప్రమాదం జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి లాంటివన్నీ మాట్లాడారు. చివరికి కంపెనీ ఆ మలుపుకు దూరంగా కొత్త బడి కట్టించడానికి ఒప్పుకుంది.

ఇంకా ఉత్తరాన ఫోర్ట్ మెక్‌డెర్మిట్ పైయూట్-షోషోని తెగ ఉంటుంది. గనికి దగ్గరి తెగ వాళ్లే. 2022 అక్టోబరులో తెగ కౌన్సిల్ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. పిల్లల డే కేర్, ప్రీస్కూలు, ఆటస్థలం, సంస్కృతి కేంద్రం, ఉమ్మడి గ్రీన్‌హౌస్, ఉద్యోగాలకు శిక్షణ. అదే తెగలో ఇంకొందరు 'పీపుల్ ఆఫ్ రెడ్ మౌంటెన్' పేరుతో ఈ గనిని గట్టిగా వ్యతిరేకించారు. ఒకే ఇంటిపేరు వాళ్లు చెరోవైపు నిలబడితే ఎలా ఉంటుందో మన ఊళ్లలో భూసేకరణ చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. బయట కూర్చుని వీళ్లు అమ్ముడుపోయారు, వాళ్లు అడ్డుపడుతున్నారు అనడం నాకు నచ్చదు. ఎలాగూ గని ఆగదని తేలిపోయిన చోట దొరికింది తీసుకోవడం తప్పెలా అవుతుంది?

నాకు అర్థమైంది ఇది. 'గని కావాలా వద్దా' అన్న పెద్ద ప్రశ్నకు జవాబు వాషింగ్టన్‌లో ముందే రాసుకున్నారు. లారీలు ఎటు పోతాయి, బడి ఎక్కడుండాలి అన్న చిన్న ప్రశ్నలకు మాత్రం ఎదురెదురుగా కూర్చుని అడిగిన చోట ఎంతో కొంత జవాబొచ్చింది. ఉత్తరాలతో సరిపెట్టిన చోట కోర్టు ఖర్చులే మిగిలాయి.

మామయ్య అడిగిన ప్రశ్న

ఈ బడి సంగతి చదువుతుంటే మా మామయ్య గుర్తొచ్చాడు. మా అమ్మమ్మ వాళ్లూరు కడప జిల్లా. నేను బీటెక్ రెండో ఏడాదిలో ఉండగా ఊరి పక్క సున్నపురాయి గనికి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. సెలవులకు పోయినోణ్ని నేనూ వెళ్లా. షామియానా, వాటర్ ప్యాకెట్లు, చుట్టూ పోలీసులు, వేదిక మీద అధికారులు. కంపెనీ తరఫున ఎవరో గంటసేపు స్లైడ్లు చదివాడు. అందులో సగం మా ఊళ్లో ఎవరికీ అర్థం కాలేదు, ఇంజినీరింగ్ చదువుతున్న నాకూ పెద్దగా అర్థం కాలేదు. తర్వాత మైకు జనానికిచ్చారు. మామయ్య లేచి ఒక్కటే అడిగాడు. "సార్, టిప్పర్లు ఏ దోవన పోతాయి? మా పిల్లోళ్లు బడికి పోయేది గూడ ఆ ఒక్క దోవే." వేదిక మీద గుసగుసలు. ఒకాయన రాసుకున్నాడు. గనికి అనుమతి వచ్చింది, రాకుండా ఆగలేదు. కానీ బడి వేళల్లో ఆ దోవన టిప్పర్లు తిరగకూడదని షరతు కూడా వచ్చింది. కాగితం మీద ఉంది కాబట్టి టిప్పర్ ఆపి అడిగే ధైర్యం ఊళ్లోవాళ్లకు వచ్చింది.

మొన్న ఫోన్లో ఒరోవాడా కథ చెప్పా.

"ఏందిరా అల్లుడా, అమెరికావోళ్లు గూడ లారీలు ఏ దోవన పోతాయనే అడిగినారా?"

"అవును మామా, అదే అడిగారు."

"మరి ఇడిసిపెట్టకుండా అడిగినారా, ఒక్కతూరికే ఊరుకున్నారా?"

"ఏళ్ల తరబడి కూర్చున్నారు మామా."

"ఆ, అట్ల జెప్పు."

ఆయనకు నేనింకో విషయం కూడా చెప్పాల్సి వచ్చింది. 2025 సెప్టెంబరు 8న మన కేంద్ర పర్యావరణ శాఖ ఒక మెమో ఇచ్చింది. అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ఇకపై ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. రాష్ట్ర స్థాయిలో కాకుండా ఢిల్లీలోనే పరిశీలిస్తారు. దేశ రక్షణ, వ్యూహాత్మక అవసరాలు అని కారణం. కీలక ఖనిజాల పట్టికలో లిథియం ఉంది. అణు ఖనిజాలంటే యురేనియం, మన శ్రీకాకుళం తీరపు బీచ్ శాండ్ లాంటివి. అంటే సున్నపురాయి గనికైతే షామియానా వేసి మైకివ్వాలి, యురేనియం గనికైతే అక్కర్లేదు! మామయ్య కాసేపు మాట్లాడలేదు. "పెద్దదానికే అడగొద్దంటారా?" అన్నాడు.

మన దగ్గర జనం మాట నెగ్గిన రోజులు లేకపోలేదు. ఒడిశాలో నియమగిరి బాక్సైట్ మీద నిర్ణయం గ్రామసభలకు వదలాలని 2013లో సుప్రీంకోర్టు చెబితే, 12 గ్రామసభలూ వద్దన్నాయి. గని ఆగింది. నల్లమలలో యురేనియం కోసం వెతుకుతామంటే జనం గోల చేశారు, 2019 సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. థాకర్ పాస్ కథలో ఇలాంటిదొక్కటీ లేదు, అక్కడ 'వద్దు' అనే హక్కు చట్టంలో ఎవరి చేతికీ ఇవ్వలేదు. అటవీ హక్కుల చట్టం, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో పెసా చట్టం మనకింకా ఉన్నాయి. మైదాన ప్రాంతపు ఊళ్లకు మాత్రం ఉన్న ఒక్క మైకు ఆ షామియానాలోదే.

జమ్మూకశ్మీర్‌లోని రియాసీలో 59 లక్షల టన్నుల లిథియం ఖనిజం ఉండొచ్చని 2023 ఫిబ్రవరిలో ప్రకటన వచ్చినప్పుడు మన ఫోన్లలో ఎన్ని వాట్సాప్ ఫార్వర్డులు తిరిగాయో గుర్తుందిగా. 'భారత్ ఇక సూపర్ పవర్' అని నాకు ఐదుగురు పంపారు. తవ్వే చోట ఊళ్లున్నాయా అని ఒక్కరూ అడగలేదు.

మెమో వచ్చినా పర్యావరణ నివేదిక రాయడం మాత్రం తప్పదు. అది పరివేశ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో పెడతారు. సైటు స్లో, సెర్చ్ ఘోరం, పీడీఎఫ్‌లు వందల పేజీలు. అయినా మీ జిల్లా పేరు కొట్టి వెతకండి. మీ ఊరి దగ్గర ఏదైనా కనబడితే మొత్తం చదవక్కర్లేదు. ముందు నీళ్ల లెక్కలున్న చాప్టరు, తర్వాత రవాణా మార్గాలున్న మ్యాపు తెరవండి. మ్యాపులో బడి గుర్తుందో లేదో చూసి, స్క్రీన్‌షాట్ తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి.